రోజీ చిక్కులు తీసిన మామ

రైలు తిరువాలంగాడులో ఆగి ఉండగా మా ఆయన ఫోను చేశాడు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ చెయ్యడు. అంగడి తీసి, పటాలకు పూలు పెట్టి, మొదటి గిరాకీ కోసం వీధిలోకి చూసే సమయం అది. "నాయన పోయినాడు" అన్నాడు. చేతిలో టిఫిను డబ్బాతో దిగేసి, ఎదురు రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీది సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను.

నేను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి పోయివస్తాను. ఆ పొద్దున నేను బయల్దేరేటప్పుడు మామ తిన్నె మీద కాఫీ తాగుతున్నాడు. "డబ్బా మూత బిగించినావా? మొన్నటి మాదిరి బ్యాగుకు సాంబారు తాపిస్తావు" అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నాడట. పక్కింటామె ముగ్గు వేసి తలెత్తేసరికి అయిపోయిందట. ఎనభై దాటిన మనిషికి ఇంతకంటే మంచి చావు ఏముంటుందని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకూ అదే అనిపించింది. అయినా బాగా ఏడ్చాను.

మా వైపు మామను 'గారు' అనం. అంటే ఆయనే, "నేనేమన్నా తహసీల్దారునా?" అని కసిరేవాడు. కాబట్టి ఇక్కడ కూడా మామ అనే రాస్తాను.

కర్మ రోజున పొదటూరుపేట నుంచి మా పుట్టింటివాళ్ళు, అత్తిమంజేరిపేట నుంచి మా ఆయన మేనత్త కొడుకులు వచ్చారు. అందరూ మామ అంగడి గురించే చెప్పుకున్నారు. తిరుత్తణి బజారులో జవుళి అంగడి మాది. కొండమీది గుడికి కావడి మోసేవాళ్ళకు పసుపు బట్టల నుంచి పెళ్ళి చీరల దాకా అమ్ముతాం. గుడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి, కళ్ళు మూసుకునే నూలు ఏ రకమో చెప్పేవాడు మామ. ఆ అలవాటు ఇంట్లో కూడా పోయేది కాదు. నా కొత్త చీర కొంగు, హోటలువాడు వేసిన అరిటాకు, ఆఖరికి నేను వేసిన దోశ అంచు కూడా ఆ రెండు వేళ్ళ మధ్య పడాల్సిందే. "ఇది కొంచం మందం రకం" అని దోశకు సర్టిఫికెట్ ఇచ్చేవాడు. ఇవన్నీ చుట్టాలు చెప్పుకుని నవ్వారు. రోజీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే వాళ్ళకు తెలియదు. అందుకే నేను రాస్తున్నాను.

రోజీ మా ఇంటి కుక్క. పొమేరియన్ అనుకుని మా అత్త తెచ్చుకుంది గానీ, అందులో ఇంకేవేవో జాతులు కలిశాయి. తెల్లగా, మెడ చుట్టూ దట్టంగా బొచ్చు. అత్త రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని వసారాలో పడుకోబెట్టుకుని, ఊరి కబుర్లన్నీ దానికి చెబుతూ దువ్వేది. మామకు ఆ కుక్క అంటే పడదు. "దండగ బేరం" అనేవాడు. అది గడప దాటి లోపలికి వస్తే కొలబద్ద చూపించేవాడు. అదీ తెలివైనదే. ఆయన అంగడికి పోయిన మరుక్షణం లోపలికి వచ్చేది, ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపులో వినిపించగానే బయటికి పోయేది. ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ పదేళ్ళు గడిపారు.

తర్వాత మా అత్త పోయింది. ఆపరేషను కోసం మత్తు ఇచ్చారు, ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. గుండె అప్పటికే బలహీనంగా ఉంది. ఎవరి తప్పూ లేదు, డాక్టర్లు ముందే చెప్పారు కూడా. లోపలికి తీసుకుపోయే ముందు మామ ఆమెతో, "పడుకోని లేసినట్టు ఉంటాదంతే" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన చాలా రోజులు తనను తాను తిట్టుకున్నాడు.

ఆ తర్వాత మామ అంగడికి పోవడం మానేశాడు. కాళ్ళు లాగుతున్నాయన్నాడు. వయసు కదా అనుకున్నాం. రోజీ కూడా వీధి చివరిదాకా తిరగడం మానేసింది. దానికీ వయసే అనుకున్నాం. దువ్వడం నా మీద పడింది. ఆఫీసు నుంచి వచ్చి, వంట మధ్యలో రెండు నిమిషాలు మా తలదువ్వెనతోనే పైపైన దువ్వేదాన్ని. చూడ్డానికి బాగానే ఉండేది. దట్టమైన బొచ్చుకు ఉన్న మోసం అదేనని అప్పుడు తెలియదు. పైన పట్టులా జారుతుంది, అడుగున చర్మం పక్కనే ముడి వేసుకుంటూ పోతుంది. మీ ఇంట్లో ఇలాంటి బొచ్చుకుక్క ముసలిదై ఉంటే పైన నిమిరి సంతోషపడకండి, వేళ్ళు అడుగుదాకా పోనిచ్చి చూడండి. చంకల్లో, చెవుల వెనక, తొడల మధ్య తప్పకుండా చూడండి.

అత్త పోయిన ఏడాది మాకు పండగ లేదు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దీపావళికి మామే పూనుకున్నాడు. తెల్లవారకముందే లేచి, నువ్వుల నూనె వెచ్చబెట్టించి, మా అందరి నెత్తిన తానే నూనె పెట్టాడు. అత్త చేసే పని అది. ఆమె మా అందరికీ అయ్యాక రోజీ నెత్తిన కూడా వేలితో ఒక చుక్క పెట్టి, "దీనికీ గంగాస్నానం అయింది" అనేది. మామ దూరం నుంచి చూసేవాడే గానీ, అది చుక్క అని గమనించలేదు. ఇంట్లో మనిషికి ఎలాగో దానికీ అలాగే అనుకున్నాడు. పండగపూట అత్త చేసేదాన్ని తగ్గించకూడదని గిన్నెలో మిగిలిన నూనె మొత్తం రోజీకి పట్టించాడు. పట్టించి, సీకాయపొడి వేసి, ఒక బకెట్టు వేణ్ణీళ్ళతో రుద్ది రుద్ది తోమాడు. జన్మలో మొదటిసారి ఆ కుక్కను ముట్టుకున్నది ఆ రోజే. అది కూడా ఎందుకో మూలక్కుండా నిలబడింది.

పక్కింటామె గోడ మీదుగా, "గంగాస్నానం ఆచ్చా?" అని, అంటే అయిందా అని, ఆనవాయితీ ప్రకారం తమిళంలో పలకరిస్తే మామ రొమ్ము విరుచుకుని, "మా ఇంట్లో కుక్కతో సహా ఆచ్చు" అన్నాడు.

వారం గడిచేసరికి రోజీ ఒళ్ళంతా గట్టిపడింది. నూనె, సీకాయ జిడ్డు, దుమ్ము, అడుగున ముందే ఉన్న చిక్కులు, అన్నీ కలిసి అట్టలు కట్టాయి. వాసన కూడా వస్తోంది. ముందరి కాలు ఎత్తి కుంటుతోంది. ముట్టుకుంటే గుర్రుమంటోంది. పక్కింటామె వచ్చి చూసి, రెండు చేతులూ జోడించి, "సడై విళుందిడుచ్చు, కై వెక్కాదీంగ" అంది. జడ పడిందట, చెయ్యి పెట్టకూడదట. మా ప్రాంతంలో ఎవరి తలకైనా జుట్టు అట్టగడితే దేవుడి జడ అంటారు, మొక్కుకుని కొండమీదే తీయిస్తారు. కుక్కకు కూడా ఆ లెక్కే వేసింది ఆమె. మా ఆయన నవ్వుతూ, "అయితే కొండకే తీసకపోదాం, గుండు కొట్టిద్దాం" అన్నాడు.

మామ నవ్వలేదు. "సామికి దినమూ కొండంత జుట్టు పోస్తా ఉండారు. ఇంకా కుక్కబొచ్చు కావాల్నా ఆయనకు?" అని దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. వీపు మీది అట్టను రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. గుడ్డ చూసినట్టే కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి, "అమ్మా, ఇది కంబళి అయిపోయిందమ్మా. బొచ్చును సబ్బుపెట్టి నీళ్ళు పోసి రుద్దితేనే గదా కంబళి అయ్యేది! ఇన్నేండ్లు కంబళ్ళు అమ్మినోణ్ణి, నా చేత్తో నేనే నేసి పెడితిని" అన్నాడు. అప్పుడు నవ్వాడు, కానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

తిరువళ్ళూరులో మా ఆఫీసు దగ్గర ఒక పశువుల డాక్టరమ్మ ఉంది. కారు మాట్లాడుకుని తీసుకుపోయాం. మామ కూడా వస్తానన్నాడు. మాటలన్నీ తమిళంలో జరిగాయి గానీ సారాంశం ఇది. అట్టలు చర్మానికి అంటుకుపోయాయి. కుక్క కదిలినప్పుడల్లా చర్మం లాగుతుంది, అందుకే కుంటు, అందుకే కోపం. అడుగున చర్మం ఎర్రబడింది, ఇంకా పుండు పడలేదు. మొత్తం మెషీనుతో గొరిగెయ్యాలి. మెలకువగా ఉండగా ఒక్కసారిగా గొరిగితే ఒప్పుకోదు కాబట్టి మత్తు ఇవ్వాలి. కానీ గుండె చప్పుడు సరిగ్గా లేదు, వయసు పన్నెండు దాటింది.

"మత్తు ఇస్తే మళ్ళా లేస్తాదా?" అని అడిగాడు మామ.

"చాలావరకు లేస్తాయయ్యా. దీని సంగతి ఖచ్చితంగా చెప్పలేను" అంది ఆమె. నిజాయితీగా చెప్పింది.

మామ చెయ్యి బల్ల మీద ఉన్న రోజీ మెడ దగ్గరికి పోయింది. మెడ మీద కూడా అట్టే, నిమరడానికి చోటు లేదు. చెవి కొసను పట్టుకున్నాడు. "ఇంకో దాన్ని అట్ల పంపీలేనమ్మా" అని నాతో తెలుగులో అన్నాడు. ఆమెకు అర్థమైందో లేదో గానీ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఓపిక ఉంటే ఇంట్లోనే కొంచెం కొంచెంగా తియ్యొచ్చని చెప్పింది. పుండు పడినా, చీము వాసన వచ్చినా, తిండి మానేసినా వెంటనే తీసుకురావాలి, అప్పుడు మత్తు తప్పదని కూడా చెప్పింది. మామ ఆ షరతుకు తల ఊపాడు. ఆ రోజు నుంచి ఆయన బెంగంతా అదే. చర్మం పుండు పడకముందే చిక్కులు పోవాలి, అదీ రోజీ మెలకువగా ఉండగానే.

ఆమె చెప్పిన జాగ్రత్తలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. చిక్కులన్నీ పోయేదాకా నీళ్ళు తగలనివ్వకూడదు, తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది. కత్తెర ముట్టుకోకూడదు. ముసలి కుక్క చర్మం పలచన, అట్టతోపాటు పైకి లేచి వస్తుంది, బొచ్చనుకుని చర్మమే కత్తిరించేస్తాం. వదులుగా ఉన్న చిక్కును చర్మం పక్కన, మొదట్లో వేళ్ళతో గట్టిగా పట్టుకుని, లాగుడు చర్మం దాకా పోకుండా, కొసనుంచి మొదటికి విప్పుతూ రావాలి. పట్టు జారడానికి కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లొచ్చు. అంటుకుపోయినదాన్ని చిన్న మెషీనుతో మాత్రమే తియ్యాలి. ఆమె మెషీను ఎలా పట్టుకోవాలో ఒక చోట గొరిగి చూపించింది కూడా. మామ కళ్ళద్దాలు సర్దుకుని, కొత్త రకం పట్టు చూస్తున్నట్టు చూశాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన అంగడి నుంచి పాత పంచె తెప్పించుకుని తిన్నె మీద పరిచాడు. ఆ రోజు నాకు సెలవు కాబట్టి కళ్ళారా చూశాను. రోజీని ఎత్తుకుని తేలేదు, పిలవనూ లేదు. పంచె మీద కూర్చుని, పక్కన దువ్వెన, నా వంటింటి కార్న్‌ఫ్లోర్ డబ్బా, ఒక గిన్నెలో కొంచెం పెరుగన్నం పెట్టుకుని వీధిలోకి చూస్తూ ఉన్నాడు. అంగడిలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాలకమే. ఎంతసేపటికో అది వచ్చి పంచె అంచున పడుకుంది.

"రాండమ్మా రాండి. ఏం చూపీమంటారు? చెవులా, వీపా?" అన్నాడు.

చెవి వెనక ఉన్న చిన్న చిక్కు, అన్నిటికంటే సులువైనది, దాన్ని పట్టుకున్నాడు. కొస నుంచి వేళ్ళతో విడదీస్తూ వచ్చి, చివర దువ్వెనతో ఒక్కసారి గీశాడు. అరచేతిలో తెల్లటి బొచ్చు ఉండ. దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసి, "బోణీ అయింది" అన్నాడు. రోజూ అంతే. ఎంత పెద్ద అట్ట ఎదురుగా కనిపిస్తున్నా ముందు సులువైన చిక్కుతో బోణీ చెయ్యనిదే దాని జోలికి పోడు. "బోణీ బాగుంటే గిరాకీకీ ధైర్యం, మనకీ ధైర్యం" అనేవాడు.

ఆ మొదటి రోజు రెండో చిక్కుకే రోజీ లేచి నిలబడింది. నేను గబుక్కున పట్టుకోబోయాను. మామ నా చెయ్యి అడ్డుకున్నాడు. "ఇడువమ్మా. లేసిపోయే గిరాకీని చెయ్యి పట్టుకోకూడదు. పట్టుకుంటే ఇంక జన్మకు మన అంగడి మెట్టు ఎక్కదు. నగతా పంపితే రేపు తానే వస్తాది." దువ్వెన కింద పెట్టి, పెరుగన్నం గిన్నె దాని ముందుకు జరిపి, పంచె మడత పెట్టేశాడు. ఆ రోజు వ్యాపారం అంతే.

నాకు ఒళ్ళు మండేది. నాది ఆఫీసు బుద్ధి, పని మొదలుపెడితే సాయంత్రానికి తేలాలి. ఈ లెక్కన పోతే వైకుంఠ ఏకాదశికి కూడా వీపు దాటం అనేదాన్ని. మామ వినేవాడు కాదు. "గుడ్డను తొందరపెడితే చినుగుతాది, మనిషిని తొందరపెడితే అరస్తాడు, కుక్కను తొందరపెడితే కరస్తాది" అనేవాడు. తానే ఒకసారి మాట తప్పాడు కూడా. ఒకనాడు బాగా కుదురుగా పడుకుందని ఆశకు పోయి పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చాడు. కరిచింది. మా ఆయన కేకలు వేస్తుంటే, మామ చేతిని కొళాయి కింద సబ్బుతో కడుక్కుంటూ, "తప్పు నాదిరా. అడగని సరుకు చూపిస్తిని" అన్నాడు. ఆస్పత్రికి పోయి సూదులు వేయించుకుని వచ్చి, మరుసటి మధ్యాహ్నం మళ్ళీ పంచె పరిచాడు. రోజీ కూడా ఏమీ జరగనట్టే వచ్చి పడుకుంది.

మెషీను విషయంలో ఇంకా ఓపిక పట్టాడు. దాని చప్పుడుకు రోజీ ఆమడ దూరం పరిగెత్తేది. అందుకని మొదట ఊరికే దాని పక్కన పెట్టాడు. తర్వాత అది అన్నం తినేటప్పుడు దూరంగా ఆన్ చేసి పెట్టాడు. రోజురోజుకూ దగ్గరికి జరిపాడు. ఆ తర్వాత మెషీను వెనకవైపు దాని వీపుకు ఆనించి ఆ వణుకు అలవాటు చేశాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, "పెరియవరే, కుక్కకు షేవింగా?" అని పెద్దాయన్ని ఆటపట్టించేవాళ్ళు. "మీకూ చేస్తా రాండి, కూలి అక్కర్లేదు" అనేవాడు. మధ్యలో వేడెక్కిందేమోనని బ్లేడును తన మణికట్టుకు ఆనించి చూసుకోవడం మాత్రం ఎవరితో మాట్లాడుతున్నా మరిచిపోయేవాడు కాదు.

రోజూ చివర్లో నన్ను పిలిచి చర్మం చూడమనేవాడు, ఆయన కళ్ళ మీద ఆయనకు నమ్మకం లేక. "ఎరుపు పెరిగిందా? నీరు కారతా ఉండాదా? సరిగ్గా చూడమ్మా, నన్ను సంతోషపెట్టేదానికి చెప్పబాక" అనేవాడు. ఒక వారం తొడ దగ్గర ఎరుపు బాగా పెరిగింది. ఆ వారం ఆయనకు అన్నం సహించలేదు. డాక్టరమ్మకు ఫోటో పంపాను. పూతమందు చెప్పి, రెండు రోజులు చూద్దామంది. ఆ రెండు రోజులూ మామ కొండవైపు తిరిగి దండం పెట్టుకోవడం చూశాను. ఏం మొక్కుకున్నాడో చెప్పలేదు. ఎరుపు తగ్గింది.

ముందరి కాళ్ళ చంకల్లో ఉన్న అట్టలు పోయిన రోజు మాకందరికీ కనువిప్పు. అవి రెండూ ఊడి వచ్చాక రోజీ లేచి, మెట్టు దిగి, కుంటకుండా వీధి చివరి టీ బంకు దాకా పోయి తిరిగి వచ్చింది. ఏడాదిగా అది పోని చోటు అది. వయసనుకున్నాం గదా మేం. మామ అది నడిచి వచ్చేంతసేపూ తిన్నె అంచున నిలబడి చూశాడు. "అన్నీ వయసు మీద ఏసేసినామమ్మా. చిక్కు యాడుండాదో చూడకనే" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన కూడా సాయంత్రం పూట అంగడికి పోయి గంటసేపు కూర్చుని రావడం మొదలుపెట్టాడు. కాళ్ళ లాగుడు ఏమైందని నేను అడగలేదు. అడిగితే మళ్ళీ గుర్తొస్తుందని భయం.

ఆ తర్వాత మూడు వేసవులు గడిచాయి. రోజీకి బొచ్చు మళ్ళీ పెరిగింది, మునుపంత కాకపోయినా తెల్లగా. మామ మాత్రం దాన్ని పెద్దగా పెరగనివ్వలేదు. చంకల్లో, పొట్ట కింద ఎప్పుడూ పొట్టిగానే ఉంచేవాడు. రోజూ భోజనమయ్యాక ఒక పావుగంట తిన్నె మీద ఆ ఇద్దరి కొలువు సాగేది. బజారులో ఎవరింట్లో పెళ్ళి, ఎవరు అంగడి మార్చారు, మా ఆయన తెలివితక్కువ కొనుగోళ్ళు ఏమిటి, అన్నీ దానికి చెప్పేవాడు. నాకు తెలియని మా ఆయన గుట్లు దానికి తెలుసు. గడప నియమం ఎప్పుడు రద్దయిందో ఎవరికీ గుర్తులేదు. కొలబద్ద అంగడికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు దువ్వడం మళ్ళీ నా వంతు. రోజీకి చూపు మందగించింది, చెవులు అంతంత మాత్రం. మొదటి రోజుల్లో నా చెయ్యి తగలగానే లేచి పోయేది. పోనిచ్చాను. ఇప్పుడు కొంతసేపు ఉంటోంది. నేను దానికి ఆఫీసు కబుర్లు చెబుతున్నాను. అవి దానికి అంత రుచించడం లేదు, బజారు కబుర్లకు అలవాటు పడిన ప్రాణం. ఈ ఏడు మాకు మళ్ళీ దీపావళి లేదు. రోజీకి నూనె గండం కూడా లేదు.

మామ పోయాడని దిగులు ఉంది. కానీ తలుచుకున్నప్పుడు ముందు నవ్వే వస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మామగా కంటే, తిన్నె మీద గల్లాపెట్టె లేని వ్యాపారిగానే ఆయన నాకు ఎక్కువ గుర్తున్నాడు. నాకు ఓపిక నేర్పాడని రాద్దామనుకున్నాను గానీ అది కూడా నిజం కాదు, నాకింకా ఓపిక రాలేదు. ఓపిక ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాను, అంతే.

ఒక్క సంగతి మిగిలింది. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

ఆ దీపావళి అట్టల్లో ఆఖరిది తోక మొదట్లో ఉండేది. అది తీసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. బయట మెషీను చప్పుడు ఆగింది. తర్వాత టపటపటపమని గట్టిగా ఒక చప్పుడు. కుక్కలు తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలిస్తాయే, చెవులు చెంపలకు కొట్టుకుంటాయే, ఆ చప్పుడు. అట్టలు కట్టిన కుక్క ఒళ్ళు విదిలించదు, విదిలిస్తే చర్మం లాగి నొప్పి పుడుతుంది. ఆ చప్పుడు మా ఇంట్లో ఎన్నాళ్ళుగా లేదో అది విన్నప్పుడే తెలిసింది.

బయటినుంచి మామ గొంతు వినిపించింది. అంత సంతోషంగా ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "ఏమే! యాడుండావే? బిరీన రా! రోజీ దులుపుకుంటా ఉండాది, వచ్చి చూడు!"

ఆ ఇంట్లో ఆయన 'ఏమే' అని పిలిచే మనిషి ఒక్కతే. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన రెండోసారి పిలవలేదు. తానేం అన్నాడో ఆయనకు కూడా తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆ పిలుపు అలా జవాబు లేకుండా గాలిలో ఉండిపోవడం నాకు నచ్చలేదు.

"వస్తా ఉండా" అన్నాను.

చెయ్యి తుడుచుకుంటూ బయటికి పోయాను. మామ నావైపు చూడలేదు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. పంచె మీద పక్కకు జరిగి నాకు చోటు ఇచ్చాడు. కూర్చున్నాను. అక్కడక్కడా గొరిగి, అక్కడక్కడా మిగిలిన బొచ్చుతో, చూడ్డానికి ఏ జాతీ కాని ఆ ముసలి కుక్క మా ఎదుట ఎండలో నిలబడి, నాలుగు కాళ్ళూ గట్టిగా ఆనించి, ఇంకోసారి ఒళ్ళు విదిలించింది. తెల్లటి నూగు పైకి లేచి, మా ఇద్దరి మీదా నెమ్మదిగా వాలింది.